డి-పట్టా భూమి: స్టాంపు కాగితం రాసేస్తే చేతులు మారినట్టేనా?

యాంకర్: నమస్కారం. విశాఖ దగ్గర భీమిలి, ఆనందపురం వైపు రేట్లు పెరిగిన కొద్దీ అందరి కన్నూ డి-పట్టా భూముల మీద, అంటే భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూముల మీద పడింది. అమ్మా, ముందు మీ సంగతి చెప్పండి.

మహిళా రైతు: మా మామగారికి సర్కారు ఇచ్చిన ఎకరన్నర అండి, జీడితోట. ఆయన పోయాక, పిల్ల పెళ్లి ఖర్చుల్లో ఉండగా ఒకాయన అడ్వాన్సు చేతిలో పెట్టి వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. మిగతా డబ్బు ఎప్పుడిస్తాడో రాయాల్సిన చోట ఖాళీ వదిలేశాడు. ఇప్పుడు తోటలోకి అడుగు పెట్టనివ్వట్లేదు.

న్యాయవాది: ఆ కాగితం చెల్లదమ్మా. అసైన్డ్ భూముల బదలాయింపును 1977 చట్టం నిషేధించింది. అమ్మకం ఒక్కటే కాదు, దానం, మార్పిడి, కౌలు కూడా అందులోకే వస్తాయి. రిజిస్ట్రేషన్ కుదరదు కాబట్టే ఇలాంటి స్టాంపు కాగితాలు పుట్టుకొస్తున్నాయి. వీలునామా రాయొచ్చు, బ్యాంకు అప్పుకు తాకట్టు పెట్టొచ్చు. అంతవరకే.

యాంకర్: పట్టా ఇచ్చి ఇరవై ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చని ఊళ్లో అంటున్నారు కదా?

రిటైర్డ్ తహసీల్దార్: దళారులు చెప్పేది సగమే. ఆ చట్టానికి 2023లో చేసిన సవరణతో ఆ హక్కు వచ్చింది అసలు పట్టాదారుకు, ఆయన వారసులకు. మధ్యలో కాగితం రాయించుకున్నవాడికి కాదు. పైగా 2024లో కొత్త ప్రభుత్వం అలా ఫ్రీహోల్డ్ చేసిన, అంటే అమ్ముకునే హక్కు ఇచ్చిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలన మొదలుపెట్టింది. ఇరవై ఏళ్లు నిండాయన్న మాట పట్టుకుని ఎవరూ సంతకం పెట్టకూడదు.

యాంకర్: కొన్నవాళ్లూ పేదలే అయితే?

న్యాయవాది: 1977 చట్టం రాకముందే, భూమిలేని పేద నిజాయతీగా డబ్బిచ్చి కొని సాగులో ఉంటే రక్షణ ఉంది. తర్వాత కొన్నవాళ్లకు ఆ రక్షణ వర్తించదు. అరకు, పాడేరు సంగతి వేరు. అక్కడ గిరిజన ప్రాంతాల భూమి చేతులు మారకుండా ఆపే 1/70 చట్టం ఉంది, గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు.

మహిళా రైతు: అర్జీ పెడితే, ఎందుకు అమ్మావని భూమి నా దగ్గర్నుంచే లాక్కుంటారని భయమండి.

రిటైర్డ్ తహసీల్దార్: ఆ భయంతోనే చాలామంది ఆఫీసు గుమ్మం ఎక్కరు, నాకు బాధ కలిగేది అక్కడే. 1977 చట్టం సెక్షన్ 4 కింద విచారించి, కాగితం రాయించుకున్నాయన్ని ఖాళీ చేయించి, భూమిని పట్టాదారుకో వారసులకో తిరిగి అప్పగించవచ్చు. అది వీలుకానప్పుడు ప్రభుత్వం తీసుకుంటుంది.

మహిళా రైతు: అడ్వాన్సు ఖర్చయిపోయింది మరి...

న్యాయవాది: డబ్బు లెక్క వేరే తేల్చుకోవాలి. బాకీ ఉందని తోటలో కూర్చునే హక్కు ఆయనకు లేదు. రసీదు లేకుండా మాత్రం రూపాయి కూడా తిరిగి ఇవ్వకండి.

రిటైర్డ్ తహసీల్దార్: పట్టా, అడంగల్ (సాగు వివరాల రికార్డు), మామగారి మరణ ధ్రువపత్రం జత చేసి సోమవారం తహసీల్దార్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోండమ్మా.