అర్ధరాత్రి ఏ పనికి లేపితే మీకు విసుగు రాదు?

(అమలాపురంలో డిగ్రీ ఆఖరి ఏడాది విద్యార్థుల ముందు మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ. ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి "మీ జీవిత ప్రయాణం గురించి ఓ గంట మాట్లాడండి" అన్నారు. కాలిపోయిన మోటార్లకి కొత్తగా రాగి తీగ చుట్టి వైండింగ్ చేసుకునేవాడికి ప్రయాణం ఏముంటుంది చెప్పండి, కాట్రేనికోన రోడ్డులో కొట్టు, కొట్టు నుంచి చెరువు గట్టు, గట్టు నుంచి మళ్లీ కొట్టు. అది గంటసేపు సాగే కథ కాదు, పైగా ఇప్పుడే భోజనాలు చేసొచ్చారు, వెనక బెంచీల్లో అప్పుడే ఇద్దరు కునుకు తీస్తున్నారు. అందుకని నా సంగతి కొంచెం చెప్పి, నన్ను నేను ఆలస్యంగా అడుక్కున్న కొన్ని ప్రశ్నలు మీ ముందు పెట్టి పోతాను.

మీ వయసులో ఉన్నప్పుడు పెళ్లికెళ్లినా చావుకెళ్లినా నన్నందరూ అడిగింది ఒక్కటే, "ఏం చేద్దామనుకుంటున్నావురా?" దానికి జవాబు నా నోట్లో రెడీగా ఉండేది: "బ్యాంకు పరీక్షలకి ప్రిపేరవుతున్నానండి." బీకాం అయ్యాక నాలుగేళ్లు అదే జవాబు. కాకినాడలో కోచింగు, రూము అద్దె, మెస్సు, అంతా మా నాన్న రెండెకరాల వరి మీదే. ఒకసారి మూడు మార్కుల్లో పోయేది, ఇంకోసారి ఐదు మార్కుల్లో పోయేది. అసలు నీకేం ఇష్టమని ఎవరూ అడగలేదే అని నేను ఏడవను, ఎందుకంటే అడిగినా చెప్పేవాణ్ణి కాదు. "నీకేమిష్టం" అంటే ఆ వయసులో ఎవడైనా క్రికెట్ అంటాడు, సినిమాలంటాడు, బిర్యానీ అంటాడు. ఆ ప్రశ్నకి జవాబు చాలా తొందరగా వచ్చేస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది.

2011లో మీరింకా పలక పట్టుకునుంటారు. ఆ ఏడాది ఖరీఫ్‌కి మన కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అన్నారు. కూలీలు దొరకరు, ధర గిట్టదు, మురుగు కాలవలు పూడిపోయి వానొస్తే పొలం మునుగుతుంది, ఇంక నాట్లే వెయ్యం పొమ్మన్నారు. మా నాన్న కూడా వెయ్యలేదు. నాట్లు లేని ఇంటి నుంచి కోచింగు ఫీజు ఎక్కడొస్తుంది, రూము ఖాళీ చేసి వచ్చేశాను. ఇంట్లో కూర్చుంటే నాన్న మొహం చూడాల్సొస్తుందని, వీధి చివర వైండింగ్ కొట్టుకి పోయి కూర్చునేవాణ్ణి. ఆ కొట్టు బాబాయిది. మాకు చుట్టం కాదు, ఊరందరికీ ఆయన బాబాయే.

కాలిపోయిన మోటారు ఎప్పుడైనా విప్పి చూశారా? ముందు వాసన కొడుతుంది, మాడిన వార్నిష్ వాసన, రెండు రోజులు చేతులకి వదలదు. లోపల స్లాటుల్లో, అంటే తీగ కూర్చునే గాడుల్లో, రాగి తీగ నల్లగా బిగుసుకుపోయి ఉంటుంది. దాన్ని ఊరికే పీకి పారేస్తే కుదరదు, ఒక్క కాయిలన్నా చెదరకుండా బయటికి తీసి అందులో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టాలి, తీగ గేజు, అంటే మందం, చూసుకోవాలి. చుట్లు తగ్గిస్తే రాగి కొంచెం మిగులుతుందిగానీ మోటారు వేడెక్కి మళ్లీ కొట్టుకే వస్తుంది. ఈ లెక్క పెట్టే పని బాబాయికి చికాకు, కళ్లు ఆనేవి కాదు. "ఒరేయ్ బీకాం, ఊరికే కూర్చున్నావుగా, ఇది లెక్కపెట్టు" అని నా ఒళ్లో పడేసేవాడు. పైసా ఇచ్చింది లేదు, నేను అడిగిందీ లేదు. పరీక్ష హాల్లో లెక్కల పేపరు ముందు పది నిమిషాలు కుదురుగా కూర్చోలేనివాణ్ణి, అక్కడ మసి చేతులతో నలభై, నలభై ఒకటి, నలభై రెండు అనుకుంటూ కూర్చుంటే అన్నానికి రమ్మని అమ్మ మనిషిని పంపాల్సి వచ్చేది. అప్పటికీ నాకేమీ తట్టలేదు సుమండీ. టైంపాస్ అనుకున్నాను.

ఆ చలికాలంలో ఓ రాత్రి బాబాయికి జ్వరం. రెండింటప్పుడు ఒక రొయ్యల రైతు మా గుమ్మం ముందుకొచ్చి బండి హారన్ కొట్టాడు. చెరువులున్న ఇళ్ల పిల్లలకి తెలుసు, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, చెరువులో ఉండే నాచు పగలు ఎండకి ఆక్సిజన్ వదులుతుంది, రాత్రయితే తనే పీల్చుకుంటుంది, తెల్లారగట్ల వేళకి నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అందుకని నీళ్లని చిలికి గాలి కలిపే మోటారు చక్రాలు, ఏరియేటర్లు, రాత్రంతా తిరగాలి. ఆయన చెరువు మోటారుకొచ్చే మూడు ఫేజుల కరెంటులో ఒక ఫేజు పోయింది, ఎవరూ చూసుకోలేదు, మోటారు తిరగలేక మూలిగి మూలిగి కాలిపోయింది. కొట్లో ఉన్న స్పేరు మోటారు బండి మీద మధ్యలో పెట్టుకుని పోయాం. గట్టు మీద నుంచి టార్చి వేస్తే అంచు పొడుగునా రొయ్యల కళ్లు, ఎర్రగా, నిప్పురవ్వలు చల్లినట్టు. అవి అలా పైకి తేలాయంటే ఊపిరాడక వచ్చాయన్నమాట. ఆయన ఏమీ మాట్లాడలేదు, పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగి నాకు టార్చి పట్టాడు. నా చేతులు వణికాయి, ఒక బోల్టు నీళ్లలో పడిపోయింది కూడా. నాలుగున్నరకి చక్రం నీళ్లు కొట్టడం మొదలెట్టింది.

ఇంతవరకు ఏముందండీ, ఆ మాత్రం హీరోయిజం ఎవరికైనా బాగానే ఉంటుంది. సంగతి ఆ తర్వాతది. ఇంటికొచ్చి పడుకోవాల్సినవాణ్ణి, కాలిపోయిన మోటారు తీసుకుని నేరుగా కొట్టుకెళ్లి, ఆరింటికి టీ కూడా తాగకుండా దాన్ని విప్పుతున్నాను. జ్వరంతో దుప్పటి కప్పుకుని వచ్చిన బాబాయి గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు. "నీకు దీని యావ పట్టిందిరా, ఇంక బ్యాంకు వాళ్లు బతికిపోయారు" అన్నాడు.

యావ. మంచి మాటండీ అది. పుస్తకాల్లో ఇలాంటిదాన్ని స్వధర్మం అంటారు, పెద్ద మాట, కానీ మనవాళ్లు దాన్ని పుట్టుకకి కట్టేసి, మంగలి కొడుక్కి కత్తి, కుమ్మరి కొడుక్కి చక్రం అని ఎవరినీ ఏమీ అడగకుండానే చేతిలో పెట్టేశారు. నాకా మాట మీద అంత మోజు లేదు. యావ అయితే కులం చూసి పట్టదు.

కాబట్టి నా మొదటి ప్రశ్న ఇది: ఏ పనికి మిమ్మల్ని అర్ధరాత్రి లేపితే మీకు విసుగు రాదు? లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారిని తల్చుకోండి, 1841లో పుట్టి 1909లో పోయారు, గోదావరి దాటొచ్చిన బాటసారులు వేళకాని వేళ తలుపు తట్టినా లేచి వండి పెట్టేవారు. ఏటి మీదుగా కాలవని దాటించే గన్నవరం అక్విడక్టుకి ఆవిడ పేరే, ఇప్పుడు బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. ఆవిడకి నడుం నొప్పి రాలేదని నేననుకోను. పొయ్యి ముందు కూర్చున్న ఎవరికైనా వస్తుంది. అలిసిపోవడం, విసుక్కోవడం ఒకటి కావని మాత్రం మా ఇంట్లో ఆడవాళ్లని చూస్తే నాకు తెలుస్తుంది.

రెండోది, మీకు కనబడని సంగతి పక్కవాళ్లకి కనబడుతోందా అని అడగండి. నా విషయంలో బాబాయికి కనబడింది. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గారి బొమ్మల గ్యాలరీ ఉంది, వెళ్లకపోతే వెళ్లండి, రాజమండ్రి బస్సు ఎలాగూ ఎక్కుతూనే ఉంటారు కదా. 1897లో పుట్టాడాయన. ఆ కుర్రాడి చేతిలో ఏముందో అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన కనిపెట్టాడు, బొంబాయిలో బొమ్మలు వెయ్యడం నేర్పే జేజే స్కూలుకి వెళ్లి చదువుకోవడానికి అండగా నిలిచాడు. 28 ఏళ్లు నిండకుండానే, 1925లో మశూచితో పోయాడు రామారావు. ఇంకో పదేళ్లు ఎవరూ పట్టించుకోకుండా వదిలేసి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. అందుకని ఇవాళ ఇంటికెళ్లి మీ అమ్మని, అక్కని, పక్క బెంచీవాణ్ణి అడగండి, "నేను ఏ పనిలో ఉన్నప్పుడు పిలిచినా పలకను?" అని. ఫోన్ చూస్తున్నప్పుడు అంటారు, తెలుసు. అది కాక రెండోది ఏమిటో చెప్పమనండి.

ఇంకొకటి, ఆ పనిలో ఉన్న చాకిరీని భరించగలరా? నా పనిలో తొంభై పాళ్లు మాడిన స్లాటులు గోకి శుభ్రం చెయ్యడమే. ఎవరూ చప్పట్లు కొట్టరు. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు మన భీమవరం మనిషి గురించి. యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో పుట్టారు. "ఏం చేద్దామనుకుంటున్నావు" అన్నదానికి ఆయన కూడా తొందరగా జవాబులు చెప్పినవాడే. చిన్నప్పుడు కాశీ పోయి యాత్రికులకి అరటిపళ్లు అమ్ముకుని బతుకుదామని ఇంట్లోంచి పారిపోయాడంటారు, మన రావులపాలెం మార్కెట్ చూస్తే తప్పుడు ఆలోచనేమీ కాదు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. తర్వాత రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం తీసుకుంటానన్నాడు, వాళ్లేమో వైద్యం చదువుకో నాయనా అన్నారు. తోడబుట్టినవాడు స్ప్రూ అనే పేగుల జబ్బుతో, తిన్నది ఒంటికి పట్టక పోయాడు. 1922లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసుకుంటూ చదివాడు. 1940ల్లో లెడర్లే అనే మందుల కంపెనీలో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తయారు చేసింది. స్ప్రూకి అది మందు. మన పీహెచ్‌సీలో గర్భిణులకి ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది కూడా అదే. అంతా తోడబుట్టినవాడి కోసమే చేశాడని నేను కథ అల్లను, మనిషి మనసులోకి మనం వెళ్లలేం. కానీ ఆయన్ని చదివాక నాకొక ప్రశ్న పట్టుకుంది: మీ ఇంట్లోనో, మీ ఊళ్లోనో జరిగిన ఏ సంగతిని మీరు "సరేలే, ఖర్మ" అని వదిలెయ్యలేకపోతున్నారు?

ఆయన కథలో జనం గబగబా దాటేసే ముక్క ఒకటుంది. 1919లో ఆయనకి పెళ్లయింది. 1922లో వెళ్లినవాడు 1948లో అమెరికాలోనే పోయాడు, ఇక్కడికి మళ్లీ రాలేదు. ఆ భార్య ఇక్కడే ఉండిపోయింది. మనం ఆయన పేరు చెప్పుకుని గర్వపడతాం, నేనూ పడతాను, కానీ ఆ లెక్కలో ఆవిడ వాటా ఎంతో ఎవరూ రాసిపెట్టలేదు. అందుకని మీ పని దొరికిందని సంబరపడేటప్పుడే, దాని ఖర్చు ఎవరు కడుతున్నారని కూడా అడగండి.

నన్ను నేనే అడుక్కుంటే జవాబు అంత శుభ్రంగా లేదు. నేను బతికేది రొయ్యల చెరువుల మీద. ఆ చెరువుల పక్కన వాటి ఉప్పునీళ్లు ఊరి ఉప్పెక్కిన వరి చేలున్నాయి, బోరు నీళ్లు నోట పెట్టలేని ఇళ్లున్నాయి, అందులో మా మేనత్త ఇల్లు ఒకటి. ఆవిడ బిందె పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడినప్పుడు నా బండి మీద ఏరియేటర్ మోటారు ఉంటుంది. "ఏరా, బాగున్నావా" అంటుంది, అంతే. మోటారు వైండింగ్ మానెయ్యను. అత్త వైపు చూడకుండా పోవడమూ చాతకాదు. ఇది తేలలేదు నాకు, తేలినట్టు మీకు చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం ఇష్టం లేదు.

పెళ్లైన కొత్తలో నా రాత్రి ఫోన్లతో మా ఆవిడ వేగిపోయింది. పసిపిల్ల ఉలిక్కిపడి లేచేది, నేను చొక్కా వేసుకుని పోయేవాణ్ణి, ఏడుపు ఆవిడకి మిగిలేది. చివరికి ఆవిడే ఒక ఏర్పాటు చేసింది. రాత్రి పది దాటితే ఫోన్ ఆవిడ దిండు కింద. చెరువులో మోటారు ఆగితేనే లేపుతుంది, ఇంటి ట్యాంకు మోటారైతే పొద్దున్న రమ్మంటుంది. ఆవిడకి ఇప్పుడు నాకన్నా బాగా తెలుసు, ఏ రైతు గొంతు ఎప్పుడు నిజంగా కంగారుగా ఉంటుందో.

అదిగో, మూడో వరసలో చివర కూర్చుంది, ఫోన్ ఆవిడ దగ్గరే ఉంది. ఇందాకటి నుంచి చెయ్యి ఊపుతోంది, ఎక్కడో ట్రాన్స్‌ఫార్మర్ పోయినట్టుంది. ఇద్దరు అడగడానికి టైముంది, అడగండి.