బడి పడని పిల్లలకు ఏ దారి?

అందరికీ నమస్కారం.

సభ మొదలయ్యే ముందు కొందరు తల్లిదండ్రులు నన్ను పక్కకు పిలిచి దాదాపు ఒకే మాట అడిగారు: "మావాడికి ఆ స్కూలు పడటం లేదండీ, ఇంకేదైనా మంచి చోటు ఉంటే చెప్పండి." చోట్లు లేకపోలేదు. అయితే చోటు పేరు కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. బడిలో సరిగ్గా ఏది పడటం లేదు? అది తెలుసుకోకుండా బడి మార్చడం, జబ్బేమిటో తెలియకుండా డాక్టర్ని మార్చడం లాంటిది.

తొమ్మిదో తరగతి గదిలో ఒక పిల్లాణ్ణి చూద్దాం. టీచరు బోర్డు మీద రాస్తున్నారు. పక్కవాళ్ళు ఒకసారి తలెత్తి చూసి వాక్యం మొత్తం రాసేసుకుంటున్నారు. వీడు అక్షరానికోసారి తలెత్తుతున్నాడు. 'కిరణజన్య సంయోగక్రియ' అన్న మాట దించుకోవడానికి పదిసార్లు బోర్డు వైపు చూడాలి. వీడు రెండో లైనులో ఉండగానే బోర్డు తుడిచేస్తారు. నోట్సు సగంలో ఆగిపోతుంది. నోట్సు లేదని తిట్లు, నోట్సు లేక మార్కులు రాలేదని మళ్ళీ తిట్లు. మూడేళ్ళు ఇలా గడిచాక వాడు వెనక బెంచీ చేరి అల్లరి మొదలుపెడతాడు. నన్నడిగితే అందులో ఒక తెలివి ఉంది. చదవడం రానివాడు అనిపించుకోవడం కంటే అల్లరివాడు అనిపించుకోవడం నయం కదా.

వీణ్ణి తీసుకెళ్ళి పరీక్షలూ హోంవర్కూ లేని బడిలో వేశారనుకోండి. హాయిగా ఉంటాడు. చదవడం మాత్రం రాదు. వాడికి కావాల్సింది ముందు కళ్ళు, చెవుల పరీక్ష. ఆ తర్వాత డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది, ఉందేమో నిపుణులకు చూపించడం. ఉంటే రోజూ కొంతసేపు అక్షరాన్నీ శబ్దాన్నీ ఒక క్రమంలో కలిపి నేర్పే టీచరు, పరీక్షలో అదనపు సమయం. బహుశా బడి మార్చే అవసరమే రాదు.

ఇంకో అమ్మాయి ఉంది. మార్కులు బాగానే వస్తాయి. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి కడుపునొప్పి, సోమవారం పొద్దున వాంతులు, పదకొండు గంటలకల్లా ఏమీ ఉండదు. ఇంట్లో అందరూ "నటిస్తోంది" అంటారు. నటన కాదు, ఆ నొప్పి నిజమైనదే, దాని వెనక ఉన్నది భయం. ఈ అమ్మాయికి చదువు సమస్య కాదు. జనం, రొద, పదిమందిలో లేపి ప్రశ్న అడగడం, కొన్నిసార్లు పక్క బెంచీలో కూర్చుని ఏడిపించే పిల్లలు. మొదటి పిల్లవాడికి పనికొచ్చే మందు ఈమెకు పనికిరాదు. ఏడిపించేవాళ్ళే కారణమైతే మారాల్సింది ఈ అమ్మాయి కాదన్నది కూడా మరిచిపోకూడదు.

భయంతో బడి మానేసే పిల్లల విషయంలో జపాన్ అనుభవం నాకు చాలా నేర్పింది. అక్కడ అనారోగ్యం, ఆర్థిక ఇబ్బంది కాకుండా వేరే కారణాలతో ఏడాదికి 30 రోజులు, అంతకు మించి బడికి రాని పిల్లలను విడిగా లెక్కిస్తారు. 2023 విద్యా సంవత్సరంలో మొదటి తొమ్మిది తరగతుల్లో అలాంటి పిల్లలు 3,46,482 మంది. క్రమశిక్షణకు పేరుపడిన దేశంలో ఇంతమంది! మొదట్లో అక్కడా దీన్ని పిల్లల జబ్బనీ, తల్లి పెంపకం లోపమనీ అన్నారు. టీచరుగా పనిచేసిన ఒకుచి కేయికో కొడుకే బడికి వెళ్ళనని మొరాయించాడు. ఆమె 1985లో టోక్యోలో ఇలాంటి పిల్లల కోసం 'టోక్యో షూరే' అనే ఫ్రీ స్కూలు పెట్టారు. ఫ్రీ అంటే ఉచితం అని కాదు, ఎప్పుడు రావాలో, ఏం చెయ్యాలో పిల్లలే తేల్చుకునే చోటు.

నాకు ముఖ్యంగా తోచింది ఆ తర్వాత జరిగింది. 1992లో అక్కడి విద్యాశాఖ, పిల్లవాడి సొంత బడి హెడ్మాస్టరు ఒప్పుకుంటే ఇలాంటి చోట గడిపిన రోజులను హాజరుగా లెక్కించవచ్చని చెప్పింది. 2016 డిసెంబరులో వచ్చిన చట్టం ఇంకో అడుగు వేసి, బడి బయట జరిగే చదువుకు విలువ ఉందనీ, ఈ పిల్లలకు విశ్రాంతి అవసరమనీ గుర్తించింది. హాజరు పట్టీలో ఒక గీత అంటే చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఆ గీత వల్ల పిల్లవాడి పేరు బడిలో ఉంటుంది. తిరిగి వెళ్దామనుకున్న రోజున మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండదు. నేను ఏ ప్రత్యామ్నాయాన్నైనా ముందు ఈ లెక్కతోనే చూస్తాను. అక్కడి నుంచి ముందుకో వెనక్కో వెళ్ళే దారి ఉందా, లేక అదే ఆఖరి స్టాపా?

స్వేచ్ఛ ఇచ్చే బడుల్లో అందరికీ తెలిసిన పేరు ఇంగ్లండ్‌లోని సమ్మర్‌హిల్. ఎ.ఎస్. నీల్ 1921లో మొదలుపెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. క్లాసుకు వెళ్ళాలా వద్దా అన్నది పిల్లల ఇష్టం. మామూలు బడుల నుంచి వచ్చిన పిల్లలు మొదట క్లాసు వైపు తొంగి కూడా చూడరని, ఆ విముఖత తగ్గడానికి సగటున మూడు నెలలు పడుతుందని నీల్ గమనించారు. ఈ మూడు నెలల మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే బడి మార్చిన మూడో వారానికే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. "డబ్బు కట్టాం, వీడు అక్కడ ఏమీ చెయ్యడం లేదట!" దెబ్బ తిన్న పిల్లవాడు ముందు కాసేపు ఊపిరి పీల్చుకుంటాడు. ఆ సమయంలో మీరు రోజూ సాయంత్రం "ఈవేళ ఏం నేర్చుకున్నావు?" అని నిలదీస్తే పాత బడినే కొత్త చోటికి మోసుకెళ్ళినట్టు.

అలాగని అనంతంగా ఎదురుచూడమనీ అనను. ఇందాక చెప్పిన అక్షరాల పిల్లవాడు తనంతట తానే ఒకరోజు చదవడం మొదలుపెడతాడని కూర్చుంటే అది స్వేచ్ఛ కాదు, వాణ్ణి గాలికి వదిలెయ్యడం. పిల్లలు తమ వేగంతో చేతులతో చేసి నేర్చుకునే మాంటిస్సోరి బడులు, కథలూ కళలతో పాఠం నడిపే వాల్‌డార్ఫ్ బడుల గురించి కూడా అడుగుతుంటారు. రెండూ వందేళ్ళు దాటిన మంచి పద్ధతులే, కానీ చిన్నప్పటి నుంచీ అందులో పెరిగే పిల్లలకు ఎక్కువ ఉపయోగం. పదిహేనేళ్ళ వయసులో బడితో తెగిపోయిన పిల్లవాడికి అవే మొదటి జవాబు అని నేను అనుకోను.

ఆ వయసు పిల్లల్లో చాలామందికి పడనిది చదువు కాదు, కూర్చోవడం. రోజుకు ఏడెనిమిది గంటలు కుర్చీలో కూర్చుని, ఎందుకో తెలియని విషయాలు వినడం. వీళ్ళ కోసం వచ్చిన ఏర్పాట్లలో నాకు నచ్చింది అమెరికాలో ప్రావిడెన్స్ నగరంలో 1996లో మొదలైన మెట్ అనే ప్రభుత్వ హైస్కూలు. అక్కడ పిల్లలు వారానికి రెండు రోజులు బడికి రారు. తమకు ఆసక్తి ఉన్న పనిచోటికి వెళ్తారు. ఆసుపత్రి, వర్క్‌షాపు, ఆఫీసు, ఏదైనా కావచ్చు. పశువుల ఆసుపత్రికి వెళ్ళే పిల్ల ఉందనుకోండి. కుక్క బరువు పదకొండు కిలోలు, మందు కిలోకి ఇన్ని మిల్లీగ్రాములు, సీసాలో ఒక మిల్లీలీటరుకు ఎంత మందు ఉంది, సిరంజిలోకి ఎంత తీసుకోవాలి? క్లాసులో ఏడిపించిన నిష్పత్తి లెక్క ఇక్కడ తప్పితే కుక్క ప్రాణానికే ముప్పు. లెక్క అదే, దాని బరువు మాత్రం మారిపోయింది. మిగిలిన రోజుల్లో బడిలో ఆ పని చుట్టూనే చదవడం, రాయడం. ఒక చిన్న బృందానికి ఒకే సలహాదారు, నాలుగేళ్ళూ ఆయనే. ఆ పిల్ల ఇంట్లో ఏం జరుగుతోందో, ఏ రోజు ముభావంగా ఉందో తెలిసిన పెద్ద మనిషి ఒకరు ఉండటమే ఆ బడి అసలు బలమని నా అభిప్రాయం. ఇంటర్న్‌షిప్పులు ఎవరైనా పెట్టొచ్చు, ఆ మనిషిని సంపాదించడమే కష్టం.

స్విట్జర్లాండ్ వాళ్ళు ఇదే పనిని దేశం మొత్తానికీ చేశారు. తప్పనిసరి చదువు పూర్తయ్యాక అక్కడ సుమారు మూడింట రెండొంతుల మంది పిల్లలు వృత్తి విద్యలోకి వెళ్తారు. వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో జీతంతో పని, ఒకటి రెండు రోజులు వృత్తి బడి. చదువులో బాగా వెనకబడినవాళ్ళకు రెండేళ్ళ చిన్న కోర్సు ఉంది. అది ముగించినవాళ్ళు కావాలంటే మూడు, నాలుగేళ్ళ కోర్సులోకి మారవచ్చు. అక్కడి నుంచి వృత్తి విద్యతో పాటు అదనపు పరీక్ష రాసి అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయాలకూ వెళ్ళవచ్చు. ఈ పరీక్షను 1990లలో తెచ్చారు. పదిహేనేళ్ళకు ఎలక్ట్రీషియన్ పని ఎంచుకున్నవాడు ఇరవై రెండేళ్ళకు ఇంజనీరింగు చదవాలనుకుంటే తలుపు మూసి ఉండదు. చేతిపని అంటే చదువు రానివాళ్ళకు వేసే శిక్ష అనుకునే చోట, ఎంత మంచి శిక్షణ సంస్థ పెట్టినా పిల్లలు తల దించుకునే లోపలికి వెళ్తారు. అందుకే పై మెట్టుకు నిచ్చెన ఉందా అని చూడమంటున్నాను.

రోజూ బడికి వెళ్ళకుండా సొంతంగా చదువుకుని పరీక్ష రాసే ఓపెన్ స్కూళ్ళ సంగతికి వద్దాం. భారతదేశంలో 1979లో సీబీఎస్ఈ చిన్న ప్రాజెక్టుగా మొదలైంది 1989లో జాతీయ సంస్థగా మారింది, ఇప్పుడు దాన్నే ఎన్ఐఓఎస్, అంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ అంటున్నాం. ఒకసారి చేరితే ఐదేళ్ళ గడువు, తొమ్మిది అవకాశాలు. సబ్జెక్టులు కొంతవరకు ఎంచుకోవచ్చు, ఒక్కొక్కటిగా పాస్ కావచ్చు. అనారోగ్యంతో ఏడాది పోగొట్టుకున్న పిల్లలకు, రోజంతా ఆటల సాధనలో ఉండేవాళ్ళకు, పరీక్షలంటే వణికేవాళ్ళకు ఇది నిజంగా వరం. అన్నీ ఒకే నెలలో రాయాలన్న ఒత్తిడి తీసేస్తే సగం భయం పోతుంది.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. అమెరికాలో 1942లో, సైన్యంలో చేరి చదువు మధ్యలో ఆపినవాళ్ళ కోసం జీఈడీ అనే పరీక్ష పెట్టారు. పాసైతే హైస్కూలుతో సమానం. నోబెల్ బహుమతి పొందిన ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్, ఆయన సహచరులు దీన్ని లోతుగా పరిశీలిస్తే, జీఈడీతో ఆగిపోయినవాళ్ళ సంపాదన హైస్కూలు పూర్తిచేసినవాళ్ళ స్థాయికి రాలేదని, మధ్యలో మానేసినవాళ్ళకే దగ్గరగా ఉందని తేలింది. పరీక్షలో తెలివి సమానమే. వేళకు లేవడం, విసుగొచ్చినా పని పూర్తిచెయ్యడం, నలుగురితో సర్దుకుపోవడం లాంటివి ఒక్క పరీక్షతో రావు. ఓపెన్ స్కూలులో ఫీజు కట్టాక పుస్తకాల కట్ట ఇంటికొచ్చి, విప్పకుండానే బీరువా పైకి చేరడం నేను చూశాను. సర్టిఫికెట్ కావాలి, సందేహం లేదు. దానితో పాటు పిల్లవాడి పక్కన కూర్చునే మనిషి, వారంలో కొన్ని రోజులు తప్పకుండా వెళ్ళాల్సిన ఒక చోటు కూడా ఉండాలి. అది లైబ్రరీ అయినా, మెకానిక్ షెడ్డు అయినా సరే.

ఇంటి చదువు గురించి ఎక్కువ చెప్పను. జర్మనీలో దాదాపు నిషేధం, అమెరికాలో 1993 నుంచి అన్ని రాష్ట్రాల్లో చట్టబద్ధం. ఓపిక, తీరిక ఉన్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే కొంతకాలానికి బాగా పనిచేస్తుంది. అమ్మానాన్నలతో రోజూ గొడవపడుతున్న పిల్లవాడికి మాత్రం వద్దు.

ఇక్కడున్న టీచర్లకు ఒక మాట, కాస్త ఘాటుగానే. "టీసీ తీసుకుంటే మీకే మర్యాద" అని తల్లిదండ్రులకు చెప్పి, పదో తరగతి ఫలితాలు పాడుచేస్తాడనుకున్న పిల్లవాణ్ణి ప్రత్యామ్నాయం పేరుతో బయటికి పంపడం అన్నిచోట్లా ఉంది. ఇంగ్లండ్‌లో దీన్ని 'ఆఫ్ రోలింగ్' అంటారు, పాఠశాలల తనిఖీ సంస్థ దీనికి నిర్వచనమే ఇచ్చింది: పిల్లవాడి మేలు కోసం కాక, బడి మేలు కోసం పట్టీలోంచి పేరు తీసెయ్యడం. అక్కడ బడి నుంచి తీసేసిన పిల్లల కోసం ప్రత్యేక కేంద్రాలు ఉన్నాయి. వాటిలో మంచి టీచర్లు ఉన్నారు. కానీ సమస్య ఉన్నవాళ్ళందరినీ ఒకే గదిలో చేర్చి, తిరిగి పిలిచే రోజు ఎప్పుడో చెప్పకపోతే ఆ పిల్లలకు అర్థమయ్యేది ఒక్కటే, తమను వదిలించుకున్నారని. పంపేటప్పుడే ఏ తేదీన మళ్ళీ కలిసి మాట్లాడుకుందామో కాగితం మీద రాయండి.

తల్లిదండ్రులు ఒక చోటు చూడటానికి వెళ్ళినప్పుడు బిల్డింగు, ఏసీ చూడకండి. మా వాడి రోజువారీ బాగోగులు చూసే మనిషి ఎవరు, ఆ మనిషి ఇక్కడ ఎన్నేళ్ళుగా ఉన్నారు అని అడగండి. టీచర్లు ఏడాదికోసారి మారే చోటైతే ఆలోచించండి. ఇక్కడి నుంచి వెళ్ళిన పిల్లలు ఇప్పుడు ఏం చేస్తున్నారో అడగండి. బాగా పైకొచ్చిన ఒకరిద్దరి కథలు కాదు, పోయినేడాది వెళ్ళిన బ్యాచ్ మొత్తం గురించి. చేతికొచ్చే సర్టిఫికెట్‌ను ఏ బోర్డు గుర్తిస్తుందో వాళ్ళ మాట మీద కాకుండా ఆ బోర్డు దగ్గరే కనుక్కోండి. ఈ ఒక్క పని చెయ్యక తర్వాత ఏడ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు.

పిల్లవాణ్ణి కూడా తీసుకెళ్ళండి. వీలైతే ఒక వారం ఊరికే వెళ్ళి కూర్చోనివ్వమని అడగండి. ఒప్పుకోని చోట ఎందుకు ఒప్పుకోరో అడగండి. వారం తర్వాత వాడు "వద్దు" అంటే ఆ మాటకు విలువ ఇవ్వండి, ఎందుకు వద్దో మాత్రం వాడి చేతే చెప్పించండి. పాత బడికే తిరిగి వెళ్తానంటే ఒక్కసారిగా పూర్తి రోజు పంపకండి. ముందు వాడికి ఇష్టమైన ఒక పీరియడ్, తర్వాత సగం రోజు. క్లాస్ టీచరు ముందుగా మిగతా పిల్లలతో మాట్లాడి, "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావురా?" అన్న ప్రశ్న మొదటి రోజే ఎదురుకాకుండా చూడాలి.

ఇందాక పక్కకు పిలిచిన తల్లిదండ్రులు ముందు అడగండి. తర్వాత మిగతావాళ్ళ ప్రశ్నలు తీసుకుంటాను.