ఈ వియత్నాం గేమ్‌లో యుద్ధం కంటే లాటరీయే భయపెట్టింది | బోర్డు గేమ్ రివ్యూ

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం నుంచి మళ్లీ నేనే. ముందే చెప్పేస్తున్నా, ఈ గేమ్ కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపించారు. డబ్బులివ్వలేదు, బాగుందని చెప్పమనీ అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ని కాదు. ఎందుకంటే మొదటిసారి కొరియర్ అబ్బాయి పాలకొండ రోడ్డు దాకా వచ్చి, ఇల్లు దొరకలేదని పార్సిల్ వెనక్కి పట్టుకుపోయాడు. ఆ మంట నాకింకా తగ్గలేదు.

బాక్సులో ఎన్ని ముక్కలున్నాయి, కార్డులు ఎంత మందం, రూల్ బుక్ ఎన్ని పేజీలు... ఇవన్నీ మీరు వేరే చానెళ్లలో చూసేసి ఉంటారు. నేను వాటి జోలికి పోను.

గేమ్ వియత్నాం యుద్ధం మీద, అంటే ఉత్తర వియత్నాంతో దక్షిణ వియత్నాం తరఫున అమెరికా చేసిన యుద్ధం. బోర్డు రెండు సగాలు. ఒక సగం వియత్నాం: హనోయ్, సైగాన్, దనాంగ్, మధ్యలో అడవులు. రెండో సగం అమెరికా. ఇదివరకు నేను రివ్యూ చేసిన యుద్ధం గేములన్నీ పాచిక వెయ్, ట్యాంకు జరుపు, అంతే. ఇందులో కూడా వియత్నాం సగం అలాగే ఉంది, పెద్దగా చెప్పుకోడానికేం లేదు. అసలు ఆట అమెరికా సగంలో ఉంది.

మొదటి కార్డు చూడండి. 1964 ఆగస్టు, ఉత్తర వియత్నాం పక్కనున్న సముద్రం, టాంకిన్ సింధుశాఖ. 2వ తేదీన ఉత్తర వియత్నాం పడవలు అమెరికా యుద్ధనౌక మాడాక్స్ మీదకొచ్చాయి. అది నిజమే. 4వ తేదీన రెండోసారి కూడా వచ్చాయన్నారు. అది జరగనేలేదని తర్వాతెప్పుడో తేలింది. ఈలోగా 7వ తేదీకల్లా అమెరికా కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, తీర్మానం చేసేసి ప్రెసిడెంట్ జాన్సన్‌కి పూర్తి స్వేచ్ఛ ఇచ్చేసింది. ప్రతినిధుల సభలో 416-0, సెనేట్‌లో 88-2. గేమ్‌లో ఈ కార్డు ఆడడానికి ఖర్చు సున్నా! ఎవరైనా ఆడకుండా ఉంటారా చెప్పండి.

అక్కణ్నుంచి మొదలవుతుంది. 1965లో బాంబులు వెయ్యడానికి విమానాలు పంపాలి. విమానాలుంటే స్థావరానికి కాపలా కావాలి. మార్చి 8న దనాంగ్‌లో అమెరికా మెరైన్ సైనికులు దిగారు, 3,500 మంది. కాపలా వాళ్ల మీదే దాడులు జరుగుతుంటే, బయటికెళ్లి వెతికి కొట్టడానికి ఇంకొంతమంది. ఆ ఏడాది ఆఖరికి అక్కడ అమెరికా సైనికులు 1,84,000. 1969 నాటికి 5,43,000. మొత్తం కట్టలో 'పెద్ద యుద్ధం మొదలుపెట్టు' అనే కార్డు ఒక్కటి కూడా లేదండి. ప్రతి కార్డూ ముందు వేసిన కార్డుని కాపాడుకోడానికే వేస్తాం. మా తమ్ముడైతే ప్రతిసారీ "ఇదొక్కటే అన్నయ్యా, దీంతో అయిపోద్ది" అంటూనే వేశాడు. గెలుస్తున్నాననే నమ్మకంతో వేశాడనుకుంటున్నారా? కాదు. వెనక్కి తగ్గితే అంతకుముందు ఖర్చుపెట్టిందంతా పోతుందని.

సరే, ఇప్పుడు జాడీ. సైన్యంలోకి ఎవరు వెళ్లాలో తేల్చే లాటరీ ఇదే. ఈ వీడియో నిజానికి ఈ జాడీ కోసమే చేస్తున్నా.

క్లోజప్‌లో చూపిస్తాను. నిజం గాజు, ప్లాస్టిక్ కాదు. లోపల 366 నీలం గొట్టాలు. ఒక్కో దాంట్లో చుట్టిన కాగితం, దాని మీద ఒక తేదీ. గోరు పెట్టి లాగితే గానీ మూత రాదు, ఆ రెండు సెకన్లూ బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడరు. ఆట మొదట్లో ప్రతి ఆటగాడూ తన ఇంట్లో కుర్రాళ్ల పేర్లు, పుట్టిన తేదీలు రాసిపెట్టుకోవాలి. మేం ఊహించి రాయడం ఎందుకని మా సొంతవాళ్లవే రాసుకున్నాం. రాయకుండా ఉండాల్సిందని మా అమ్మ అభిప్రాయం.

అమెరికాలో అచ్చంగా ఇలాగే జరిగింది. 1969 డిసెంబర్ 1 రాత్రి, టీవీలో లైవ్. మొదటి గొట్టంలో సెప్టెంబర్ 14 వచ్చింది. అంటే 1944 నుంచి 1950 దాకా ఏ సంవత్సరమైనా సరే, ఆ తేదీన పుట్టిన కుర్రాడికి సైన్యంలోకి పిలుపులో నంబర్ 1. ఆఖరికి 195వ నంబర్ దాకా పిలిచారు. ఇంకో సంగతుంది. గొట్టాల్ని నెల తర్వాత నెల వేశారు, సరిగ్గా కలపలేదు. సంవత్సరం ఆఖర్లో పుట్టినవాళ్లు ముందే చేతికి తగిలేశారు. డిసెంబర్‌లో 31 రోజులుంటే, 195 దాటి బతికిపోయినవి 5 రోజులే. గేమ్ రూల్ బుక్ కూడా అదే చెప్తుంది: నెలల వరసలో పోయండి, గట్టిగా కుదపకండి. ఇది చదివి కుర్చీలోంచి లేచిపోయాను నేను. ఇంత శ్రద్ధగా ఆలోచించిన డిజైనర్‌కి దండం పెట్టాలి.

మా తమ్ముడిది డిసెంబర్. వచ్చేసింది. వాడు వెంటనే స్టూడెంట్ కార్డు తీసి, "నేను ఇంజినీరింగ్ కదా, నన్ను పంపరు" అన్నాడు. అప్పట్లో నిజంగానే కాలేజీలో చదివేవాళ్లకి వాయిదా దొరికేది. మా మావయ్య రిటైర్డ్ హవల్దారు. అప్పటిదాకా పక్కన టీ తాగుతూ చూస్తున్నాడు. "అయితే ఏటిరా, ఫీజు కట్టలేనోడి కొడుకే ఎల్లాలన్నమాట!" అన్నాడు. తమ్ముడు "అసలు ఎవరూ వెళ్లకూడదు మావయ్యా, యుద్ధమే తప్పు" అన్నాడు. "తప్పని ఎల్లినోడు సెప్పాల, ఎల్లనోడు కాదు" అని మావయ్య. ఆట అక్కడే ఆగిపోయింది. అరగంట కెమెరా ఆన్‌లోనే ఉంది, అదంతా ఎడిట్‌లో తీసేశాను. ఇంటి గొడవలు మీకెందుకు.

అమెరికాలో అప్పుడు చీలింది కూడా సరిగ్గా ఈ గీత మీదే. 1970 మే 8న న్యూయార్క్‌లో భవనాలు కట్టే కూలీలు హెల్మెట్లతో వచ్చి, యుద్ధం వద్దన్న విద్యార్థుల్ని కొట్టారు. వాళ్లంతా యుద్ధాన్ని ప్రేమించారని కాదు. తమ ఇళ్ల నుంచి వెళ్లినవాళ్లని ఈ చదువుకున్న పిల్లలు చులకన చేస్తున్నారని చాలామందికి ఉక్రోషం. ఇటువైపు బాక్సర్ ముహమ్మద్ అలీ లాంటివాడు 1967లో సైన్యంలో చేరనని చెప్పి ఛాంపియన్ టైటిలే పోగొట్టుకున్నాడు.

ఇక నాకు ఒళ్లు మండిన విషయం. ప్రజాభిప్రాయానికి గేమ్‌లో ఒకే ఒక్క స్కేలు. ఒక చివర 'మద్దతు', ఇంకో చివర 'వ్యతిరేకం', మధ్యలో ఒక బిళ్ల. జ్వరం చూసే థర్మామీటర్‌లాగా. ఇంత మంచి జాడీ చేసినవాళ్లకి ఇదేం బుద్ధి?

సైన్యాన్ని పంపడం పొరపాటా అని, సర్వేలు చేసే గాలప్ వాళ్లు జనాన్ని అడిగితే, 1965 ఆగస్టులో అవునన్నది 24 శాతం. 1968 ఆగస్టుకి 53. సరే, బిళ్ల జరిగింది. కానీ ఆ 53 మందీ శాంతి కోరేవాళ్లు కాదు కదా! "కొడితే గట్టిగా కొట్టండి, లేదా వచ్చేయండి" అనేవాళ్లు కూడా అందులో ఉన్నారు. 1968 మార్చిలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) జరిగితే, జాన్సన్ సొంత పార్టీలోనే ఆయనకి పోటీగా నిలబడ్డ యుద్ధ వ్యతిరేకి మెకార్తీకి 42 శాతం ఓట్లొస్తే, ఆ వేసినవాళ్లలో చాలామంది కోపం జాన్సన్ మెతకగా ఉన్నాడనే. ఆ నెలాఖరుకే జాన్సన్ మళ్లీ పోటీ చెయ్యనని ప్రకటించాడు. ఇదంతా ఒక్క బిళ్లలో ఎలా పడుతుంది?

కెంట్ స్టేట్ కార్డు మరీ అన్యాయం. 1970 మే 4న ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో, యుద్ధం వద్దన్న విద్యార్థుల మీద నేషనల్ గార్డ్ (రాష్ట్రం సైనిక దళం) 13 సెకన్లలో 67 రౌండ్లు కాల్చింది, నలుగురు విద్యార్థులు చనిపోయారు. గేమ్‌లో ఈ కార్డు పడగానే బిళ్ల 'వ్యతిరేకం' వైపు మూడు గళ్లు పోతుంది. కానీ అప్పటి గాలప్ సర్వేలో 58 శాతం మంది తప్పు విద్యార్థులదే అన్నారు. గార్డ్‌ది అన్నది 11 శాతం! చచ్చిపోయిన పిల్లల్నే తిట్టారండి. ఆ చీలిక చూపించాల్సిన చోట మూడు గళ్లు జరిపేసి ఊరుకున్నారు. రెండు బిళ్లలు పెట్టినా సరిపోయేది.

ఇంకో చిన్న కోపం, ఇండియా ఊసే లేదు. 1954 నుంచి అక్కడి శాంతి ఒప్పందం అమలు చూసే అంతర్జాతీయ పర్యవేక్షణ సంఘానికి అధ్యక్షత మనదే ఉండేది. 1966లో ఇందిరాగాంధీ బాంబులు ఆపమంటే జాన్సన్‌కి గిట్టలేదు. అది మనకి కరువు కాలం, పీఎల్ 480 అనే అమెరికా ఆహార సాయం కింద వచ్చే గోధుమల ఓడల్ని ఆయన ఒక్కసారిగా కాకుండా విడతలు విడతలుగా వదిలేవాడు. మా అమ్మమ్మ ఆ అమెరికా గోధుమ నూకని ఇప్పటికీ తిడుతుంది. ఒక్క కార్డైనా పెట్టొచ్చుగా.

కొనాలా వద్దా? రేటు ఎక్కువే, కార్డులు మన ఉప్పుగాలికి అప్పుడే వంపు తిరుగుతున్నాయి, స్కేలు దండగ. అయినా కొనమనే అంటాను, జాడీ కోసం. నలుగురు ఉంటేనే ఆడండి, ఇద్దరితో చప్పగా ఉంటుంది. మేమైతే స్కేలు పక్కనపడేసి, 'గట్టిగా కొట్టండి' వాళ్లకొకటి, 'వచ్చేయండి' వాళ్లకొకటి రెండు క్యారమ్ కాయిన్లు పెట్టుకుని ఆడుతున్నాం. ఆ రూల్స్ టైప్ చేసి కింద డిస్క్రిప్షన్‌లో పెడతాను. కంపెనీ వాళ్లు చూస్తుంటే, రెండో ఎడిషన్‌లో వాడుకోండి, నాకేం ఇవ్వక్కర్లేదు. కొరియర్ మాత్రం మార్చండి.