చొక్కా పైకెత్తి చూడండి

(ప్రకాశం జిల్లా కొండపి మండలంలోని ఒక ఊళ్ళో, అంగన్‌వాడీ కేంద్రం దగ్గర జరిగిన బాలల దినోత్సవ సభలో విశ్రాంత ఉపాధ్యాయురాలి ప్రసంగం)

సర్పంచి గారికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన డాక్టరు గారికి, అంగన్‌వాడీ టీచరమ్మకు, ఒకప్పుడు నా దగ్గర అఆలు దిద్ది ఇవ్వాళ బిడ్డల్ని చంకనేసుకుని వచ్చిన నా పాత పిలకాయలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాల్సిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఏమీ అనుకోబాకండి, నాకు ఆ సమయం వేరే పనికి కావాలి.

నన్ను నెహ్రూ గారి గురించి మాట్లాడమన్నారు. 1889 నవంబరు 14న అలహాబాదులో పుట్టారు, పిల్లలంటే ప్రాణం. బళ్ళో ఏటా నేను చెప్పిందే, మీరు విన్నదే. మొన్న 12వ తేదీ ప్రపంచ న్యుమోనియా దినం. 2009 నుంచి జరుగుతోంది. మనం నెమ్ము అంటామే, అదే. దానికి మన ఊళ్ళో మైకు పెట్టేవాళ్ళు లేరు. అందుకని ఈ మైకు దానికి వాడుకుంటాను.

పోయిన చలికాలం మా మనవడికి ఏడో నెల. ముందు ముక్కు కారింది, తర్వాత దగ్గు. ఆ రాత్రి పాలు రెండు గుక్కలు తాగి వదిలేస్తాడు, ఏడుస్తాడు, మళ్ళీ పట్టుకుంటాడు, మళ్ళీ వదిలేస్తాడు. తెల్లారీ తెల్లారకముందే మా కోడలు బయల్దేరదీసింది. ఒకచోట సూది వేసి సిరప్పు ఇచ్చారు. ఇంకోచోట "జలుబేలేమ్మా, ఇది సీజను" అన్నారు. టౌనులో ఇంకోచోట టోకెను తీసుకుని మధ్యాహ్నం దాకా కూచుంటే, కాసేపు మాస్కు పెట్టి మందు పొగ పట్టించి పంపేశారు. బిడ్డకి తలకు టోపీ, ఒంటికి స్వెటరు, లోపల చొక్కా, దాని లోపల బనియను. ఇన్నిచోట్ల చూపిస్తే ఒక్కరంటే ఒక్కరు ఆ చొక్కా పైకెత్తలేదు. స్టెతస్కోపు స్వెటరు మీదే ఆనించారు. ఒక్కరు! ఇది తలుచుకుంటే నాకు ఇవ్వాళ్టికీ ఒళ్ళు మండుతుంది.

ఆ రాత్రి ఒంగోలు తీసుకుపోయాం. డ్యూటీలో ఉన్న నర్సమ్మ, మా చిన్నమ్మాయి కన్నా చిన్నది, బిడ్డని మంచం మీద పడుకోబెట్టగానే ముందు బట్టలన్నీ విప్పింది. "అవ్వా, ఇటు రండి, పక్కలెగరేస్తున్నాడు చూడండి" అంది. ఊపిరి లోపలికి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. గోడ గడియారం వంక చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టింది. 68. ఆ తర్వాతే కాలి వేలికి క్లిప్పు తగిలించింది. రక్తంలో ఆక్సిజన్ 86 శాతం. అది 90 కన్నా తగ్గితే బిడ్డకి ఆక్సిజన్ పెట్టి తీరాలి.

వచ్చింది బ్రాంకియోలైటిస్ అన్నారు. ఎక్కువగా ఆర్‌ఎస్‌వి అనే వైరసు వల్ల, రెండేళ్ళ లోపు పిల్లలకు వస్తుంది. పసివాళ్ళ ఊపిరి గొట్టాలు ఎంతో సన్నం. లోపలి పొర కాస్త వాచి, కఫం పేరుకుంటే గాలికి దారి ఉండదు. దీనికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు. ఆక్సిజన్ పెట్టి, ఒంట్లో నీరు తగ్గకుండా చూసి, ఎట్టాగోట్టా పాలు పోయించి, ఊపిరితిత్తులు కుదుటపడేదాకా కాచుకోవాలి. మావాడికి ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం, పాలకు ఇంకో గొట్టం, చేతికి అట్టముక్క కట్టి సెలైను. మా కోడలు పాలు గిన్నెలోకి పిండి ఇస్తే గొట్టంలో పోసేవాళ్ళు. ఎత్తుకోవడానికి లేక మంచం కమ్మీ పట్టుకుని నిలబడేది.

ఆ వార్డులో కనిగిరి నుంచి, పొదిలి నుంచి, దర్శి నుంచి వచ్చిన తల్లులున్నారు. అందరిదీ ఒకటే కథ. సూది, సిరప్పు, "సీజనమ్మా", ఆఖరికి ఆటోలో పరుగు. బిడ్డల్ని ప్రాణంగా చూసుకునేవాళ్ళే అందరూ. ఏం చూడాలో వాళ్ళకెవరూ చెప్పలేదు. మూడు అంకెలు చెప్పడానికి ఏం పోయింది మనకి?

ఆ అంకెలు ఇప్పుడు చెబుతాను. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, ఆపైన ఊపిరి తీస్తే ప్రమాదం. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50. ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. 

ఉత్తినే వింటే గుర్తుండదు. అదిగో, ఆ నీలం చీర అమ్మాయీ, నీ పాప నిద్రపోతోంది గదా? గౌను పైకి జరుపు. సర్పంచి గారూ, మీ ఫోనులో నిమిషం పెట్టండి. పొట్ట లేచి దిగితే ఒకటి. అందరూ మనసులో లెక్కపెట్టండి. సగం నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చెయ్యొద్దు, పసివాళ్ళ ఊపిరి ఒక తీరున ఉండదు. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్క కుదరదు. ఊఁ, కానివ్వండి.

ఎంత? 34. నీకు? 35. చాలు, ఆ మాత్రం తేడా పర్లేదు. పాపకి పది నెలలు గదా, 50కి ఎంతో కిందే ఉంది. చూశారా, ఎంత తేలికో!

మన తెలుగు నేలకు ఆనుకునే ఉంది మహారాష్ట్రలో గడ్చిరోలి. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊళ్ళోవాళ్ళకే ఈ లెక్క నేర్పారు. అంకెలు రాని మంత్రసానుల కోసం పూసలూ ఇసుక గడియారమూ కలిపి ఒక సాధనం చేశారు. నెమ్ముతో పోయే పసిపిల్లలు అక్కడ తగ్గారని 1990లోనే లోకానికి చూపించారు. మంత్రసాని చేసిన పని మనం చెయ్యలేమా? సర్పంచి గారూ, ఈ కేంద్రం గోడకు సెకన్ల ముల్లున్న గడియారం ఒకటి పెట్టించండి. దండలు వద్దు, శాలువా వద్దు, అది చాలు నాకు.

లెక్క సరిగ్గా ఉన్నా సరే, బిడ్డ పాలు పట్టకపోయినా, తాగిందంతా కక్కుతున్నా, ఫిట్సు వచ్చినా, లేపితే లేవకుండా మత్తుగా ఉన్నా, పక్కలెగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా ఆగొద్దు. 108కి చెయ్యండి.

ఇంకో మాట, నా తోటి అవ్వలకు. సాంబ్రాణి పొగ బిడ్డకి పట్టించొద్దు. ముక్కులో నూనె చుక్కలు వెయ్యొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి దిగి అక్కడే నెమ్ము చేస్తుంది. పొట్ట మీద వాతలు అసలే వద్దు. మన అమ్మలు మనకి చేశారు, నిజమే. వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు, మనకున్నారు. రేపు పొగాకు క్యూరింగు మొదలైతే, ఆకుని వేడికి ఎండబెట్టే బ్యారన్ల దగ్గర కట్టెల పొగ. పనికి పోయే తల్లులు బిడ్డని అక్కడ ఉయ్యాల కట్టి పడుకోబెట్టొద్దు. బిడ్డని చూసేవాళ్ళు ఇంట్లో లేకపోతే ఈ కేంద్రంలో ఏదన్నా ఏర్పాటు చెయ్యాలి. పెద్దలు దాని గురించి ఇవ్వాళే మాట్లాడుకుంటే నాకు సంతోషం.

ఆఖరున టీకా. న్యుమోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే నెమ్ముకి పీసీవీ టీకా ఉంది. 2021 నుంచి దేశమంతా ఉచితంగా వేస్తున్నారు. ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిదో నెల నిండాక. మావాడికి వచ్చిన వైరసుని అది ఆపదు, కానీ అంతకన్నా ప్రాణాల మీదకు తెచ్చే జబ్బుని ఆపుతుంది. ఏఎన్ఎమ్ అమ్మాయి ఆ బల్ల దగ్గర కూచుంది. కార్డు తెచ్చినవాళ్ళు ఇప్పుడే చూపించండి. తేనివాళ్ళు ఇంటికెళ్ళి పట్టుకురండి, రెండింటి దాకా ఉంటానంది. మిఠాయిలు ఆ తర్వాత పంచుతారు.