మూత విప్పి చూడండి

శ్రోతలకు నమస్కారం.

కంప్యూటరును నడిపే వ్యవస్థల్లో ఒకటైన, 2015లో విడుదలైన విండోస్ 10కు సాధారణ మద్దతు, అంటే భద్రతా లోపాలను సరిదిద్దే మామూలు అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే కంప్యూటరులో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. కంప్యూటరుకు మెదడు వంటి ప్రాసెసరు ఇంటెల్‌ది అయితే, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరానిదో ఆ తరువాతిదో కావాలి. అందువల్ల ఏ లోపమూ లేకుండా పనిచేస్తున్న యంత్రాలకు సైతం పాతవన్న పేరు వచ్చింది. వాటిని పాత సామాన్లవాడికి వేసే ముందు ఒకసారి మూత విప్పి చూడమని నా మనవి.

మా ఇంటి డెస్క్‌టాప్ 2013లో కొన్నది. కొన్నేళ్లకు అది ఎంత మందగించిందంటే, బటన్ నొక్కి, వంటింట్లో టీ పెట్టుకుని, తాగి వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. ప్రాసెసరు ముసలిదైపోయిందని నేనూ అనుకున్నాను. నిజానికి దుమ్ము పట్టి వేడెక్కితే తప్ప ప్రాసెసరు వయసుతో నెమ్మదించదు, ఆలస్యమంతా ఫైళ్లను దాచే హార్డ్‌డిస్క్‌ది. దానిలో నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పళ్లెం మీద కావలసిన చోటు, గ్రామఫోను ముల్లు వంటి భాగం కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే సెకనులో వెయ్యింట నాలుగు వంతులు పడుతుంది. వినడానికి ఇది కొంచెమే గాని, కంప్యూటరు తెరుచుకునేటప్పుడు వేలాది చిన్న ఫైళ్ల కోసం ఆ ముల్లు అటూ ఇటూ పరుగెత్తాలి. హార్డ్‌డిస్క్ తీసేసి, తిరిగే భాగమే లేకుండా చిప్పుల్లో ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీని అవే తీగలకు తగిలించి, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో దొరికిన పాత డీడీఆర్3 రకం ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు వాడే తాత్కాలిక మెమరీ) ఒకటి అదనంగా గుచ్చాక, టీ నీళ్లు మరగకముందే తెర సిద్ధమవుతున్నది.

ఒకనాడు ఏ వెబ్‌సైటు తెరిచినా సురక్షితం కాదన్న హెచ్చరికే వచ్చింది. ఇంటర్నెట్ కుర్రవాణ్ణి పిలిపించి నాలుగు మాటలు కూడా అన్నాను, పాపం. తీరా చూస్తే తెర మూలన తేదీ 2013 జనవరి 1 అని ఉన్నది. భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డు అనే పలక మీద గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ అయిపోయింది. తేదీ అంత వెనక్కి పోతే, వెబ్‌సైట్లు అసలైనవేనని చెప్పే ధ్రువపత్రాలు ఇంకా అమలులోకే రాలేదని బ్రౌజరు లెక్కవేసి అడ్డుపడుతుంది. ఆ బ్యాటరీ పేరు సీఆర్2032. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం అని ఆ అంకెలకు అర్థం.

విండోస్ 11 పట్టని యంత్రాలకు విండోస్‌కు బదులు వాడుకునే లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థలున్నాయి. స్థాపించకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, ప్రింటరు, వైఫై, తెలుగు టైపింగు కుదిరాయో లేదో ముందే చూసుకోవచ్చు.

అయితే ఇది అందరికీ నప్పదు. మన డీటీపీ కేంద్రాల్లో పేజీలు కూర్చే పేజ్‌మేకరు, అను ఫాంట్లతో కూర్చిన శుభలేఖలు, పుస్తకాలు ఇంకా పాత విండోస్‌నే నమ్ముకుని ఉన్నాయి. అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్ పద్ధతిలో లేని ఆ అక్షరాలను, ఆ ఫాంట్లు లేనిచోట తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అటువంటి యంత్రాన్ని ఆ ఒక్క పనికే ఉంచి, ఇంటర్నెట్ తీగ పీకివేయడం మేలు. బ్యాంకు పనులు దాని మీద వద్దే వద్దు. పని ఇచ్చినవారు తెచ్చిన పెన్‌డ్రైవ్‌ను మరో కంప్యూటరులో వైరస్ తనిఖీ చేశాక గాని దానికి గుచ్చకండి.

సెలవు.