లస్కరు మారినా లాకులు ఆగవు

అందరికీ నమస్కారం. చించినాడ వంతెన దాటి వచ్చిన కోనసీమ మేస్త్రీలకి మరీ నమస్కారం. వ్యాపారం పెంచడం గురించి మాట్లాడమన్నారు. నాకు తెలిసింది గోడల గురించి, కాబట్టి గోడ దగ్గరే మొదలుపెడతాను.

పాత ఇళ్లు బాగుచేయడం, బాత్‌రూమ్‌లు మార్చడం, రంగులు వేయడం నా పని. ఒక్క ఇల్లు నడిచినన్నాళ్లు ఏ ఇబ్బందీ లేదు. ఒకేసారి నాలుగు ఇళ్లు ఒప్పుకున్నాక టెన్షన్ మొదలైంది. ఏ గదికి ఏ రంగు, ఎవరికి ఎంత అడ్వాన్సు, టైల్స్ ఎప్పుడొస్తాయి, అన్నీ నా బుర్రలోనే ఉండేవి. బంధువుల పెళ్లికెళ్లి అక్షింతలు పట్టుకుని నిలబడినా ఫోనే.

అప్పుడే ఒక రిటైర్డ్ మాస్టారి పని వచ్చింది. కాలువ గట్టు పక్కన మండువా ఇల్లు, సున్నం గోడలు. మే నెలలో చూశాను. గోడ మీద చెయ్యి వేస్తే పొడిగా ఉంది. పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టి, రంగు రెండు పూతలు వేశాం. మాస్టారు మురిసిపోయారు. కార్తీక మాసంలో ఫోన్ చేశారు. “ఏమయ్యా, మీ గోడకి చెమటలు పడుతున్నాయి, ఓసారి వచ్చి విసురు” అన్నారు. వెళ్లి చూస్తే నేల నుంచి మోకాలెత్తు దాకా రంగు బుడగలు కట్టింది. గోరుతో గీరితే అప్పడంలా ఊడొచ్చింది. లోపల తెల్లగా ఉప్పు.

పెయింటు మంచిదే, కుర్రాళ్ల పనీ మంచిదే. నేను చూసిన రోజున కాలువ కట్టేసి, నీళ్లు లేకుండా ఉంది, అంతే. తర్వాత నీళ్లు వదిలారు, వానలు పడ్డాయి, మన ఒండ్రు నేల తడి పట్టింది. పాత గోడకి పునాది మీద చెమ్మ ఆపే పట్టీ ఉండదు. ఇటుక, దీపంలో వత్తి నూనె లాగినట్టు నీళ్లు పైకి లాగుతుంది. సున్నం గోడైతే ఆ తడిని గాలికి వదిలేస్తుంది. మేం పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు వేసి ఆ దారి మూసేశాం. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచీ మన చేలని తడుపుతున్న నీరే గోడల్లోకీ ఎక్కుతోంది.

నాకు మంట ఎక్కడంటే, ఈ సంగతి నాకు తెలుసు, మా మేస్త్రీకీ తెలుసు. చూసిన రోజున అడగాలని ఇద్దరికీ తోచలేదు. ఆ మోకాలెత్తు రంగంతా నా ఖర్చుతో గీకించి, సున్నం మాలుతో పూయించి ఇచ్చాను.

కాలువ లాకుల దగ్గర కాపలా ఉండే లస్కరుని చూడండి. నీటి మట్టం గేజీ చూస్తాడు, రాస్తాడు, తలుపు ఎత్తుతాడు. రేపు ఆయన బదులు ఇంకొకరొచ్చినా నీళ్లు చేలకి వెళ్తాయి. మన దగ్గర మేస్త్రీకి జ్వరమొస్తే పని ఆగిపోతుంది.

అందుకే ఒక ఫారం రాశాను. ఇల్లు చూడ్డానికి ఎవరు వెళ్లినా అది నింపాలి. కాలువ, చెరువు ఎంత దూరం? ఇప్పుడు నీళ్లున్నాయా, కట్టేశారా? పోయిన దీపావళికి ఈ గోడ ఎలా ఉంది? ఈ మూడోది మాత్రం ఇంట్లో ఆడవాళ్లని అడగాలి. మగవాళ్లు “బాగానే ఉందండి” అంటారు. నవ్వకండి, నిజం. అనుమానముంటే పాలిథిన్ కాగితానికి నాలుగు పక్కలా టేపు వేసి గోడకి అంటించి ఒక రోజు వదిలేస్తాం. కాగితం వెనక చెమ్మ పడితే తడి గోడలో ఉన్నట్టు.

తర్వాత ఇంకో రెండు పేజీలు కలిశాయి. పైపులు పూడ్చేముందు కొలత టేపు ఆనించి ఫోటో తీయాలి. టైల్స్ వేయకముందు బాత్‌రూమ్‌లో నీళ్లు కట్టి, ఒక రోజంతా ఉంచి, కింద స్లాబు చూడాలి. ఫోటోలు ఇంటి పేరుతో గ్రూపులో పడాలి, నా ఫోన్‌లో కాదు.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఈ ఇంటి అడ్వాన్సుతో ఆ ఇంటి కూలీల బట్వాడా చేయకండి. కొటేషన్ మీద ఎన్ని రోజులు చెల్లుతుందో రాయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పాత కాగితాలు పట్టుకుని బేరానికొచ్చిన వాళ్లతో నేను పడ్డ బాధ నాకే తెలుసు.

మొదట్లో మా కుర్రాళ్లు ఫారం నింపేవాళ్లు కాదు. ఇంటి దగ్గర చూడకుండా షాపులో కూర్చుని టిక్కులు పెట్టేవాళ్లు. అరిచి లాభం లేదని, నింపిన ఫారం లేకపోతే స్టోరులో పుట్టీ బస్తా ఇవ్వొద్దన్నాను. వారంలో దారికొచ్చారు. ఒకసారి నేనే ఖాళీ చేతుల్తో వెళ్తే, స్టోరు కుర్రాడు నాకూ ఇవ్వలేదు. ఆ రోజు సాయంత్రం ఫోన్ ఆపేసి, మా ఆవిణ్ణి తీసుకుని నరసాపురం గోదారి గట్టుకెళ్లాను.

ఫారం జిరాక్సులు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలాను, మీ ఊరి గోడని అడగాల్సినవి మీరు రాసుకోండి.