‘అది కాదు నాన్నా’: మావాడి ఊతపదం ఎలా తగ్గింది

[దృశ్యం: వంటింటి గట్టు మీద స్టీలు గ్లాసు. అందులో ఒక్కో చింతపిక్క పడుతున్న చప్పుడు.]

విన్నారా? ఒక్క రాత్రి భోజనంలో పంతొమ్మిది. మావాడు ‘అది కాదు నాన్నా’ అన్నప్పుడల్లా ఒక పిక్క వేశాను. వాడికి ఏడేళ్లు. “అది కాదు నాన్నా, ఆకలేస్తంది.” “అది కాదు నాన్నా, వాన పడతంది.” ఏది కాదురా, నేనింకా నోరే విప్పలేదు కదా!

[దృశ్యం: శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్, సాయంత్రం రద్దీ.]

నమస్కారం. ముందు మేం చేసిన తప్పులు చెప్పేస్తాను. మొదట వెక్కిరించాం. చుట్టాలొస్తే చాలు, వాళ్ల పెద్దమ్మ “ఏదీ, ఒకసారి అది కాదు అను” అనేది. అందరూ నవ్వేవాళ్లు. వాడు రెండ్రోజులు మాటే తగ్గించేశాడు, ఆ తర్వాత రెట్టింపు. సరే అని పట్టించుకోవడం మానేశాం. ఈసారి గొంతు పెంచాడు. పిలిస్తే పలికేవాళ్లు ఉన్నట్టుండి పలకడం మానేస్తే పిల్లలు ముందు ఇంకా గట్టిగా పిలుస్తారు, తర్వాతే తగ్గుతారు. మూడో రోజు విసుగొచ్చి “ఏంట్రా!” అని తిరిగామా, అరిస్తే పని జరుగుతుందని నేర్పినట్టే. మేం సరిగ్గా అదే చేశాం.

[దృశ్యం: ఇంటి హాలు. టీవీ మోగుతోంది, నాన్న చేతిలో ఫోను, చంటిపాప ఏడుపు.]

ఊత అంటే ఆసరా. ఆ పదం వాడికి దేనికి ఆసరాగా ఉందో చూడాలన్న సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. మా ఇంట్లో ఈ గోలలో వాడు మామూలుగా ‘నాన్నా’ అంటే ఎవరూ తల తిప్పరు. ‘అది కాదు’ అంటే మాత్రం ఏదో పొరపాటు జరిగిందనుకుని ఠక్కున చూస్తాం. వాడు తెలివిగానే పట్టాడు!

అందుకని ఆ పనికి ఇంకో దారి చూపించాం. మాట్లాడాలనిపిస్తే నా మణికట్టు మీద చెయ్యి వెయ్యాలి. నేను వెంటనే ఫోను బోర్లించి వాడి వైపు తిరగాలి. ఈ రెండో సగం నాకే కష్టమైంది.

[దృశ్యం: పిల్లాడి చేతిలో పిక్కలు, గ్లాసు.]

1973లో నాథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ అనే అమెరికా మనస్తత్వవేత్తలు గోళ్లు కొరకడం లాంటి అలవాట్లకు ఒక పద్ధతి చెప్పారు. అలవాటు ఎప్పుడొస్తోందో మనిషే పసిగట్టాలి, ఆ క్షణంలో దానికి వీలు లేకుండా చేసే ఇంకో పని చెయ్యాలి. మేం దాన్ని ఇంటి పద్ధతిలోకి తెచ్చుకున్నాం. లెక్క వాడికే అప్పగించాం. ‘అది’ నోటిదాకా రాగానే పెదాలు మూసి, ముక్కుతో ఒక గాలి పీల్చి, అప్పుడు మాట్లాడాలి. రోజూ రాత్రి భోజనం దగ్గర మాత్రమే. బడిలో, చుట్టాల ముందు ఊసే ఎత్తలేదు. నేనన్న ‘అది కాదు’లకు కూడా వాడు పిక్కలు వేశాడు. మొదటి రాత్రే నావి నాలుగు!

[దృశ్యం: నాగావళి ఒడ్డు.]

ఇంకో మాట. ‘ఏటి’, ‘నేదు’, ‘ఎల్లిపోనాడు’ అన్నందుకు పిక్కలు వెయ్యకండి. అవి అలవాట్లు కావు, మన యాస. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది ఇక్కడే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటూ, పిల్లాణ్ణి ‘ఏటి’ అన్నాడని కసరడం నాకైతే నచ్చదు.

‘ప ప ప పాలు’ అని మొదటి అక్షరం దగ్గరే ఆగిపోవడం వేరే సంగతి. రెండు నుంచి ఐదేళ్ల మధ్య చాలామందికి వచ్చి పోతుంది. “నెమ్మదిగా చెప్పు” అనకుండా పూర్తిగా వినండి. ఆరు నెలలు దాటినా, మాట కోసం ముఖం బిగబట్టినా స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి. ఊరికే గొంతు సకిలించడం, కళ్లు టపటపలాడించడం లాంటివి పిల్లల చేతిలో ఉండవు. వాటికి తిట్టొద్దు, డాక్టరును అడగండి.

[దృశ్యం: మళ్లీ అదే గ్లాసు, అడుగున మూడు పిక్కలు.]

ఆరు వారాలు పట్టింది. సంక్రాంతికి పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లొచ్చాక మళ్లీ పదకొండుకెక్కింది. గ్లాసు మళ్లీ దింపాం. నిన్న రాత్రి లెక్క మూడు. అందులో రెండు నావి.